ఎర్ర చొక్కా వేసుకుంటా, చెయ్యి మాత్రం ఊపను



ఈ మధ్య మన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆదివారం వస్తే చాలు ఎర్ర చొక్కా వేసుకుని ఫొటో పెడతావు. ఆ కోడిగుడ్డు లాంటి బంతి ఏంటి? చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అనడమేంటి?" అని. చింతూరు వైపు తమ్ముడు ఒకడు మాత్రం కొంచెం గట్టిగానే అడిగాడు. "అక్కడి ఆదివాసుల్ని బొమ్మలు చేసి ఆడుకునే టీమ్‌కి నువ్వెలా సపోర్ట్ చేస్తావన్నా?" అన్నాడు. మొదటి ప్రశ్నకి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. రెండోదానికి కుదరదు. అందుకే ఇంత పెద్ద పోస్టు. ఓపికున్నప్పుడు చదవండి.

నా గురించి తెలియనివాళ్లకి ముందు రెండు మాటలు. మాది దేవీపట్నం మండలం, గోదావరి ఒడ్డున కోయ ఊరు. ఇప్పుడు ఆ ఊరు పోలవరం ముంపులో ఉంది, మావాళ్లు కాలనీలో ఉన్నారు. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, ఆ పైన రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్. 2018 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి అమెరికాలో కాన్సాస్ సిటీ వచ్చా. ఈ ఊరు మిస్సోరీ, కాన్సాస్ అనే రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంటుంది. మన భద్రాచలం, ఎటపాక లాగా అనుకోండి. రోడ్డు దాటితే రాష్ట్రం మారిపోద్ది.

రూములో ముగ్గురం. భీమవరం నుంచి ఒకడు, అమలాపురం నుంచి ఒకడు, నేను. వచ్చిన రెండు వారాలకే ఊరంతా ఎర్ర చొక్కాలే. బస్సు నడిపేవాళ్లు, షాపులో బిల్లు కొట్టేవాళ్లు, మాకు పాఠం చెప్పే ప్రొఫెసర్ కూడా. ఏంటిది, ఎలక్షన్లా అని అడిగితే "చీఫ్స్ సీజన్" అన్నారు. చీఫ్స్ అంటే పెద్దలు, దొరలు. మా అమలాపురం వాడు నవ్వి, "ఏరా, కాన్సాస్ సిటీ దొరలంట, మీవాళ్లేనేమో చూడు" అన్నాడు. వాళ్ల గుర్తు చూస్తే బాణం ములికి. స్టేడియం పేరు కూడా అదే, యారోహెడ్. మా తాత గుమ్మం పక్కన ఆనించిన విల్లంబులు గుర్తొచ్చాయి. అలా మొదలైంది నా పిచ్చి.

ఇక ఆట సంగతి. కబడ్డీ ఆడినవాళ్లకి తొందరగానే అర్థమవుద్ది. కబడ్డీలో గీత దాటి వెళ్లి, ముట్టుకుని, మళ్లీ మనవైపు తిరిగి రావాలి. ఇందులో తిరిగి రావక్కర్లేదు, నేల గెలుచుకుంటూ ముందుకే పోవాలి. మైదానం 100 గజాలు, ఒక్కో జట్టుకి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు, అందులో 10 గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు. జరక్కపోతే బంతి అవతలివాళ్లకి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కుదరకపోతే కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యనుంచి పంపిస్తే 3. ఆట టైము 60 నిమిషాలే, కానీ ఆగి ఆగి మూడు గంటలు పడుతుంది. మనదగ్గరైతే 1/70 చట్టం అడ్డొచ్చేదిరా అని నేను జోకేస్తే రూములో ఎవడికీ అర్థం కాలేదు. మీకు అర్థమవుద్దని తెలుసు.

నన్ను పూర్తిగా లాగేసిన రోజు 2018 అక్టోబర్ 1. డెన్వర్‌లో మ్యాచ్. ప్యాట్రిక్ మహోమ్స్ అనే కుర్రాడు ఆ ఏడాదే మొదటిసారి పూర్తిస్థాయి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, జట్టుకి బుర్ర అన్నమాట. నాలుగో క్వార్టర్‌లో వెనకబడి ఉన్నారు. అవతలి మనిషి మీదకొచ్చేశాడు, కుడిచేత్తో విసరడానికి దారి లేదు. మహోమ్స్ బంతిని ఎడమ చేతిలోకి మార్చి విసిరేశాడు! కుడిచేతి వాటం వాడు. అవకాశం నిలబడింది, చివరికి 27-23తో గెలిచారు. చెట్టెక్కినప్పుడు ఒక కొమ్మ విరిగితే ఇంకో కొమ్మ పట్టుకునే మన పిల్లలు గుర్తొచ్చారు నాకు. అది కోచింగ్‌తో వచ్చేది కాదు.

ఆ తర్వాత ఆదివారం అంటే ఆటే. మా భీమవరం వాడు దీనికి సంక్రాంతి లెక్కలు కట్టేవాడు. స్టేడియం బయట పార్కింగ్‌లో పొద్దున్నే పొయ్యిలు పెట్టి మాంసం కాల్చుకుని తినడాన్ని ఇక్కడ టెయిల్‌గేటింగ్ అంటారు. "ఇది మన బరి దగ్గర బిర్యానీ స్టాళ్లురా, కోళ్లు లేవంతే" అనేవాడు. ఇక్కడ మధ్యాహ్నం 12కి మ్యాచ్ మొదలైతే ఇండియాలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఆదివారం ఇంటికి ఫోన్ చేసే టైము అదే. దాంతో శనివారానికి మార్చుకున్నా. "ఆదివారం పనేంట్రా నీకు" అని అమ్మ అడిగితే "ఆట ఉందమ్మా" అన్నా. "ఆడతావా?" అంది. "చూస్తా" అన్నా. "చూడ్డానికి కూడా అంత పనా" అంది.

నిజం చెప్పాలంటే ఒంటరితనం కూడా ఒక కారణం. ఇక్కడ తెలుగు సంఘాలు చాలా ఉన్నాయి. పండగలకి వెళ్తే భోజనం బాగుంటుంది, మనుషులూ మంచివాళ్లే. కానీ రెండో మాటకే "మీదేవూరు, మీవాళ్లెవరు" అనే కూపీ మొదలవుతుంది. ఏజెన్సీ అని చెప్పగానే ఒక చిన్న గ్యాప్ వస్తుంది చూడండి, అది మనందరికీ తెలిసిందే. ఆట దగ్గర ఆ గ్యాప్ లేదు. ఎర్ర చొక్కా వేసుకుంటే చాలు, పక్కసీటు ముసలాయన కూడా భుజం మీద చెయ్యేసి "ఎలా ఉన్నారు మనవాళ్లు ఈసారి" అని అడుగుతాడు. ఈ దేశంలో నన్ను ముందుగా 'మన' అన్నది ఈ ఆటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

2019 ఆగస్టులో మొదటిసారి స్టేడియానికి వెళ్లాం. ప్రీసీజన్ మ్యాచ్, అందుకే టికెట్ చవక. యారోహెడ్ అరుపుల గురించి విన్నాం. 2014లో అక్కడి జనం 142.2 డెసిబెల్స్ అరిచి గిన్నిస్ రికార్డు పెట్టారు. ఆట మొదలవబోతుంటే పెద్ద డోలు కొట్టారు. ఒక్కసారిగా జనమంతా చెయ్యి పైకెత్తి, గొడ్డలితో నరుకుతున్నట్టు ముందుకీ వెనక్కీ ఊపుతూ, సినిమాల్లో 'రెడ్ ఇండియన్స్' అరుస్తారే అలా ఒక రాగం తీయడం మొదలెట్టారు. దీన్ని టొమహాక్ చాప్ అంటారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో 1980లలో పుట్టి, అట్లాంటా బేస్‌బాల్ టీమ్ ద్వారా పేరు తెచ్చుకుని, 1990లలో ఇక్కడికీ వచ్చింది. నా ఇద్దరు రూమ్మేట్లు ఊపుతున్నారు. ముందు వరసలో అయిదేళ్ల పాప ఊపుతోంది. నా చెయ్యి లేవలేదు.

ఎందుకు లేవలేదో చెప్తా. రాజమండ్రిలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది సీనియర్లు నన్ను బల్ల మీద నిలబెట్టి, తలకి తువ్వాలు చుట్టి, అందులో చీపురు పుల్లలు గుచ్చారు. "కోయదొరా, జాతకం చెప్పు" అన్నారు. నెమలి ఈక పట్టుకుని వీధుల్లో జోస్యం చెప్పే వేషం మీరు చూసే ఉంటారు. కోయ అంటే మైదానంలో చాలామందికి తెలిసింది అంతవరకే. ఇంకా తెలిసినవాళ్లకి సినిమాల్లో ఆకులు కట్టుకుని నిప్పు చుట్టూ గెంతే గుంపు తెలుసు. ఆ రోజు గదిలో పాతికమంది ఒకే రకంగా అరిచారు. యారోహెడ్‌లో డెబ్బై వేలమంది అరిచింది అలాంటి అరుపే. భాష వేరు, రాగం ఒకటే.

అయినా ఆట మానలేదు. ఆ సీజన్ చీఫ్స్ సూపర్‌బౌల్‌కి చేరారు. సూపర్‌బౌల్ అంటే ఫైనల్. చివరిసారి గెలిచింది 1970 జనవరిలో, మనకి 1/70 వచ్చిన ఏడాదే. మళ్లీ గెలవలేదు, 50 ఏళ్లు. 2020 ఫిబ్రవరి 2న ఫైనల్. మా రూములో పది పన్నెండు మంది తెలుగు కుర్రాళ్లు. కోడి రెక్కలు, పులిహోర, చిప్స్, అన్నీ ఉన్నాయి. అమలాపురం వాడు పార్టీ సామాన్ల షాపు నుంచి రంగు రంగుల ఈకలు గుచ్చిన తలపాగా ఒకటి కొనుక్కొచ్చాడు. అందరి ముందు నాకిచ్చి, "నువ్వే పెట్టుకోవాలి బాబాయ్, నువ్వు ఒరిజినల్ కదా" అన్నాడు. వాడికి నా మీద ప్రేమే. అది నాకూ తెలుసు.

నేను తీసుకోలేదు. అరవలేదు కూడా. టీవీ సౌండ్ తగ్గించమని చెప్పి మా కొమ్ముల గురించి చెప్పా. మా కొమ్ము ఆటలో మగవాళ్లు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలపాగా పెట్టుకుంటారు. మా తాతది ఒకటి ఇంటి దూలానికి వేలాడేది. పిల్లలం ముట్టుకోకూడదు. పెళ్లికో పండగకో దించేవాళ్లు, దించే ముందు చేసే పద్ధతి ఉంటుంది. ఇక్కడి మైదాన తెగల్లో చాలామందికీ అంతే. గద్ద ఈక ఊరికే రాదు, ఒక పని చేసి సంపాదించుకోవాలి, పెద్దలు ఇవ్వాలి. "నీ ఇంట్లో పెద్దాయన యజ్ఞోపవీతమో, మీ అమ్మ మంగళసూత్రమో ప్లాస్టిక్‌లో చేసి పార్టీకి అమ్మితే పెట్టుకుంటావా?" అని అడిగా. గది కాసేపు నిశ్శబ్దం. ఒకడు "ఎంజాయ్ చేసేటప్పుడు క్లాసు పీకుతాడేంట్రా" అని గొణిగాడు. అమలాపురం వాడు మాత్రం తలపాగా కవర్లో పెట్టేసి, "రసీదు ఉందిలే, రేపు వాపసు ఇచ్చేస్తా" అన్నాడు. ఇచ్చేశాడు కూడా. ఆ రాత్రి చీఫ్స్ 31-20తో గెలిచారు, ఇద్దరం కలిసే గెంతాం. మూడు రోజుల తర్వాత ఊరేగింపు, గడ్డకట్టే చలిలో లక్షల మంది. మేమూ వెళ్లాం.

అదే ఏడాది ఆగస్టులో, ఈకల తలపాగాలు, తెగల గుర్తులతో మొహానికి రంగులు స్టేడియంలోకి రాకూడదని చీఫ్స్ యాజమాన్యమే రూల్ పెట్టింది. చాప్ మాత్రం ఆపలేదు. డోలూ ఉంది, పేరూ ఉంది. ఈ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్తా. 1963లో ఈ టీమ్ డల్లాస్ నుంచి ఇక్కడికి వచ్చింది. తీసుకురావడంలో అప్పటి మేయర్ హెచ్. రో బార్టల్‌ది పెద్ద పాత్ర. ఆయన ముద్దుపేరు 'చీఫ్'. తెల్లాయనే. బాయ్ స్కౌట్స్ పిల్లలకి ఆదివాసీ వేషాలతో ఒక ఉత్తుత్తి 'తెగ'ని పెట్టినాయన. అంటే ఆదివాసి కాని మనిషికి ఆదివాసీ బిరుదు, ఆ బిరుదు మీద టీమ్ పేరు. మరి కాన్సాస్ అనే పేరో? అది నిజంగానే ఒక తెగ పేరు. కాన్సా, వాళ్లనే కా నేషన్ అంటారు. 1873లో వాళ్లని ఇక్కడినుంచి లేపేసి ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు.

ఇదంతా ఒకరోజు మా అయ్యకి ఫోన్లో చెప్పా. మా అయ్య ఏడో తరగతి దాకా చదివాడు. కాసేపు విని, "అయితే పేరు ఉంచుకుని మనుషుల్ని పంపేశారన్నమాట" అన్నాడు. మళ్లీ ఆయనే, "మనకి పేరు కూడా ఇచ్చార్రా, కాలనీ బోర్డు మీద రాసి" అన్నాడు. పోలవరం ముంపులో 370కి పైగా ఆవాసాలు, లక్షకి పైగా కుటుంబాలు. అందులో మనవాళ్లే పెద్ద భాగం. పాత ఊరి పేరే కొత్త కాలనీ బోర్డు మీద ఉంటుంది. గోదారి ఉండదు, కొండ ఉండదు, తాడిచెట్టు ఉండదు.

ఈ మాట మా భీమవరం వాడికీ చెప్పా. వాళ్లది వరిపొలాల ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి నీళ్లొచ్చాయి, కాటన్ దొర విగ్రహం లేని ఊరుండదు అక్కడ. "మా పొలానికి నీళ్లొస్తే మీ ఊరు పోద్దని ఎప్పుడూ అనుకోలేదురా" అన్నాడు. వాడిని తప్పు పట్టలేదు. స్టేడియంలో చెయ్యి ఊపే ఆ పాపకి కూడా ఎవరూ చెప్పలేదు కదా.

ఇక చింతూరు తమ్ముడి ప్రశ్న. ఇంత తెలిసీ ఆ ఆట ఎందుకు చూస్తున్నావని. దానికి జవాబు నాకు లారెన్స్ అనే ఊళ్లో దొరికింది. కాన్సాస్ సిటీకి పడమరగా 60 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ హాస్కెల్ ఇండియన్ నేషన్స్ యూనివర్సిటీ ఉంది, అంటే ఆదివాసుల యూనివర్సిటీ. 1884లో మొదలైనప్పుడు అది ఆదివాసీ పిల్లల్ని ఇంటినుంచి తెచ్చి ఉంచే బోర్డింగ్ స్కూలు. క్యాంపస్‌లో ఒక చిన్న శ్మశానం ఉంది. వందకి పైగా తెల్లటి రాళ్లు, అన్నీ పిల్లలవి. కొంచెం అవతల ఫుట్‌బాల్ స్టేడియం. 1926లో కట్టారు, డబ్బు ఇచ్చింది ఎక్కువగా ఆదివాసులే. ఒకే క్యాంపస్‌లో ఆ రెండూ చూశాక నా బుర్రలో ఈ ఆట మొత్తం తిరగబడింది.

ఈ రకం బోర్డింగ్ స్కూళ్లకి మూలం పెన్సిల్వేనియాలోని కార్లైల్. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టాడు. 1879 అంటే మనకి గుర్తుండాల్సిన ఏడాది. మన్సబ్‌దారు దోపిడీ మీద, కల్లు మీద వేసిన చిగురుపన్ను మీద రంపలో ఫితూరీ లేచిన ఏడాది, కారం తమ్మన్నదొర కాలం. ఇక్కడ తుపాకులతో మనల్ని అణుస్తున్న ఏడాదే, అక్కడ బడితో అణచడం మొదలెట్టారు. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. పిల్లాడిలో ఆదివాసిని చంపితేనే మనిషి మిగులుతాడన్నది ప్రాట్ సిద్ధాంతం. 2024 జులైలో అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి 417 స్కూళ్లలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారు. ఆ దర్యాప్తు చేయించిన మంత్రి డెబ్ హాలాండ్ కూడా ఆదివాసే. ఆ అక్టోబర్‌లో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు.

అలాంటి కార్లైల్‌లో పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. పెద్ద పెద్ద యూనివర్సిటీల జట్లకన్నా ఒళ్లు చిన్నది, బరువు తక్కువ. అందుకని బుర్రతో ఆడారు. 1903లో హార్వర్డ్ మీద ఒకడి చొక్కా వెనక బంతి దాచేసి పరిగెత్తి టచ్‌డౌన్ చేశారు. 1906లో బంతిని ముందుకి విసరడం రూల్స్‌లోకి వచ్చింది. మిగతావాళ్లు ఇంకా గుద్దుకుంటుంటే, 1907లో ఆ విసురుని పెద్ద ఆయుధం చేసుకున్న మొదటి జట్లలో కార్లైల్ ఒకటి. ఆ ఏడాది పెన్సిల్వేనియా యూనివర్సిటీని 26-6తో కొట్టారు. ఇవాళ మహోమ్స్ విసిరే ప్రతి బంతి వెనక ఆ పిల్లలున్నారు. ఈ ఆటకి మనలాంటివాళ్లు బొమ్మలు కాదు, మేస్త్రీలు.

వాళ్లలో అందరికన్నా పెద్ద పేరు జిమ్ థోర్ప్. సాక్ అండ్ ఫాక్స్ తెగ. ఆదివాసీ పేరు వా-థో-హక్, వెలుగు దారి అని అర్థం. చిన్నప్పుడు హాస్కెల్‌లోనే చదివి తర్వాత కార్లైల్ వెళ్లాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో బంగారు పతకాలు. అదే ఏడాది నవంబర్‌లో కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్ వెళ్లి సైన్యం జట్టుని 27-6తో ఓడించింది. ఆ సైన్యం జట్టులో ఆడినవాడు తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్. తాతల మీద తుపాకులు పేల్చిన సైన్యాన్ని మనవలు మైదానంలో కొట్టారు. మరుసటి ఏడాదే, అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొంచెం డబ్బు తీసుకున్నాడని పతకాలు లాగేసుకున్నారు. 1953లో ఆయన పోయాడు. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేత ఆయనే అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022 జులైలో. 110 ఏళ్లు పట్టింది.

ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ఈ ఆట లీగ్, 1920లో వేరే పేరుతో పుట్టినప్పుడు దాని మొదటి ప్రెసిడెంట్ థోర్ప్. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే పేరు వచ్చింది 1922లో, మన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగిన ఏడాది. ఆ ఏడాది ఒహాయోలో లారూ అనే చిన్న ఊరినుంచి ఊరంగ్ ఇండియన్స్ అని ఒక జట్టు దిగింది. అందరూ ఆదివాసులే, ఆడుతూనే కోచ్‌గా కూడా ఉన్నది థోర్ప్. జట్టు ఓనరు కుక్కల వ్యాపారి. ఆట మధ్య విరామంలో మిగతా జట్లు విశ్రాంతి తీసుకుంటే, వీళ్లు ఈకలు పెట్టుకుని గెంతాలి, గొడ్డళ్లు విసరాలి, కుక్కలతో విన్యాసాలు చేయాలి. ఎందుకంటే కుక్కలు అమ్ముడవ్వాలి. రెండేళ్లకే జట్టు మూతపడింది. మంత్రిగారు వస్తే ఎండలో రెండు గంటలు నిలబెట్టి మన కొమ్ము ఆటగాళ్లతో స్వాగతం ఆడిస్తారు చూడండి, నాకు అదే కనిపించింది. ఆడేవాడు మనవాడే, ఆట మనదే. ఎప్పుడు ఆడాలో, ఎవరి కోసం ఆడాలో మాత్రం మన చేతిలో లేదు.

అందుకే తమ్ముడూ, ఆట మీద నాకు కోపం లేదు. ఆటలో మనవాళ్ల చెమట ఉంది. నా గొడవంతా వేషంతో.

ఇక్కడా అలాగే అనుకునే పిల్లలున్నారు. 2005లో ఇక్కడి ఆదివాసీ విద్యార్థులు 'నాట్ ఇన్ అవర్ ఆనర్' అని ఒక వేదిక పెట్టారు. 'ఇది మాకు గౌరవం కాదు' అని అర్థం. హాస్కెల్‌లో జర్నలిజం చెప్పే రోండా లెవాల్డో మేడం దాన్ని నడిపిస్తున్నారు. 2023లో ఆరిజోనా, 2024లో లాస్ వేగాస్, సూపర్‌బౌల్ ఎక్కడ జరిగితే అక్కడికెళ్లి ప్లకార్డులు పట్టుకున్నారు. రెండుసార్లూ చీఫ్స్ గెలిచారు, చాప్ ఇంకా గట్టిగా వినబడింది. వాళ్లు మళ్లీ వెళ్లారు. ఆదివాసుల్లోనే చీఫ్స్ అభిమానులు కూడా ఉన్నారు, పేరు ఉంటే తప్పేముంది అనేవాళ్లూ ఉన్నారు. మనలో అన్నిటికీ ఒకే మాట ఉంటుందా? అక్కడా అంతే.

మారదు అనుకోకండి. వాషింగ్టన్ టీమ్‌కి 'ఎర్రతోలోళ్లు' అనే అర్థం వచ్చే పేరు 1933 నుంచి ఉండేది. సుజాన్ హార్జో అనే ఆదివాసీ మహిళ 1992లో దాని మీద కేసు వేసింది. కేసులు ఓడిపోతూ, గెలుస్తూ, మళ్లీ ఓడిపోతూ వచ్చారు. చివరికి 2020 జులైలో స్పాన్సర్ కంపెనీల ఒత్తిడితో ఆ పేరు తీసేశారు. రెండు సీజన్లు ఉత్త 'వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్' అని ఆడారు, 2022లో కమాండర్స్ అయ్యారు. పేరు తీస్తే ఆట ఆగిపోలేదు, జనం రావడం మానలేదు.

ఇంకో రకం కూడా ఉంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు పేరు సెమినోల్స్. దానికి ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ 2005లో తీర్మానం చేసి మరీ ఒప్పుకుంది. ఓక్లహోమాలో ఉన్న సెమినోల్స్‌లో అందరికీ అది నచ్చలేదు, అది వేరే సంగతి. కనీసం అడిగారు. మన భాషలో చెప్పాలంటే గ్రామసభ తీర్మానం ఉంది. పీసా చట్టం చదివినవాళ్లకి ఆ తేడా నేను చెప్పక్కర్లేదు.

నేను పాటించే పద్ధతులు చిన్నవే. ఎర్ర చొక్కా వేసుకుంటా, కానీ బాణం ములికి లేనిది, వెనక 15 నంబరు మాత్రమే ఉన్నది. చాప్ మొదలైతే చేతులు కట్టుకుని కూర్చుంటా. పక్కవాళ్లు ఎందుకు అని అడిగితే చెప్తా, అడక్కపోతే ఊరుకుంటా. ఇన్నేళ్లలో అడిగినవాళ్లు చాలామందే. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆ రోజంతా చెయ్యి ఎత్తలేదు. బంతి గాల్లోకి లేచిందంటే అందరితోపాటు నేనూ లేచి అరుస్తా. 2022 జనవరిలో బఫెలో మీద 13 సెకన్లు మిగిలుండగా 3 పాయింట్లు వెనకబడి, రెండు పాస్‌లలో 44 గజాలు వెళ్లి, సమం చేసి, 42-36తో గెలిచినప్పుడు నా గొంతు రెండు రోజులు లేదు. ఇండియాలో సోమవారం పొద్దున్నే అయ్యకి ఫోన్ చేసి బొంగురు గొంతుతో చెప్తే, "పదమూడు సెకన్లలో ఏం జరుగుద్దిరా?" అన్నాడు. "చాలా జరుగుద్దయ్యా" అన్నా. 2025 ఫైనల్లో ఫిలడెల్ఫియా చేతిలో 40-22తో చిత్తుగా ఓడినప్పుడు అమలాపురం వాడు ఏడుపు మొహంతో నాకే ఫోన్ చేశాడు. వాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం. వాడూ చాప్ ఊపడం మానేశాడు. నేను మానమని చెప్పలేదు.

ఆశ్రమ పాఠశాలల్లో చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. మన బడులు కార్లైల్ కాదు. అవి లేకపోతే నేను ఈ పోస్టు రాసేవాణ్ని కాదు. కానీ "ఇక్కడ కోయ మాట్లాడకండి, తెలుగు రాదు మీకు" అన్న మాట విననివాళ్లు మనలో ఎంతమంది? బడి ఇచ్చేది తీసుకోండి. లెక్కలు, ఇంగ్లీషు, కబడ్డీ, విలువిద్య, అన్నీ. కార్లైల్ పిల్లలు కూడా ఆట తీసుకున్నారు, గెలిచారు. ఇంటి భాషని మాత్రం బడి గేటు దగ్గర వదిలేయకండి. పై చదువులకి వేరే ఊరు, వేరే దేశం వెళ్తే, వెళ్లిన మొదటి నెలలోనే ఒక పని చేయండి. ఆ నేల ఒకప్పుడు ఎవరిదో కనుక్కోండి. వాళ్లు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. దగ్గర్లో ఉంటే ఒకసారి వెళ్లి కలవండి. మీకు అక్కడ చుట్టాలు దొరుకుతారు.

గురుకులంలో ఎనిమిది చదివే మా మేనల్లుడు పోయిన నెల ఫోన్ చేసి, "మావా, నాకూ చీఫ్స్ చొక్కా పంపవా" అన్నాడు. హాస్కెల్ క్యాంపస్ షాపులో దొరికిన ఊదారంగు చొక్కా పంపించా. దాంతోపాటు జిమ్ థోర్ప్ ఫొటో ఒకటి, దాని వెనక వా-థో-హక్ అని రాసి. పార్శిల్ అందాక మళ్లీ ఫోన్ చేశాడు. "మావా, ఈయన మన కోయోడిలాగే ఉన్నాడే" అన్నాడు. ఈయన ఎవరో, ఏం ఆడాడో చెప్పమన్నాడు. ఆదివారం మ్యాచ్ మొదలయ్యే దాకా చెప్తూనే ఉన్నా.